మైలుతుత్తంలో ఉంగరం

కెమిస్ట్రీ మాస్టారి చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా అయస్కాంతం మాత్రం ఉండేది. పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెలన్నిటికీ, చుట్టాలింకా చేతులు కడుక్కుంటుండగానే, దాన్ని తగిలించి చూసిన మనిషి ఆయన. అంటుకున్న నాసిరకంవి ఓ వరస, అంటుకోని మంచివి ఓ వరస పెట్టి, "అంటుకున్నవన్నీ మీవైపు వాళ్లిచ్చినవే" అన్నారు. కొత్త పెళ్లికూతురితో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. ఆవిడ ఆ మాట మర్చిపోలేదు. ఆయనకి ఇప్పటికీ ఆ గిన్నెల్లోనే వడ్డిస్తుంది.

బళ్లో పిల్లలు చాటుగా అయస్కాంతం సార్ అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకి తెలుసు, లోపల కాస్త సంతోషం కూడాను. ఆయన లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు. దొంగవని తేలినవి, ఇంకా తేలనివి.

స్టాఫ్‌రూంలోకి ఎవరైనా కొత్త గడియారం పెట్టుకునొస్తే "ఏదీ, ఓసారి" అని చెయ్యి చాపేవారు. లెక్కల మాస్టారు కొత్త తోలు చెప్పులు కొనుక్కొస్తే, ఒకదాని అంచుకి అగ్గిపుల్ల అంటించి వాసన చూశారు. తోలు కాదని తేలింది. లెక్కల మాస్టారు ఆ సాయంత్రం అంచు కాలిన చెప్పుతో ఇంటికెళ్లారు.

"నిజం తెలిసింది కదా, సంతోషించండి" అన్నారు మన మాస్టారు. వెటకారం కాదు. పెద్ద సాయం చేశాననే అనుకున్నారు.

అలాంటి మనిషికి ఆ ఏడాది మంచి ఉపాధ్యాయుడి షీల్డు రాలేదు. కుట్టు టీచరుకి వచ్చింది.

కుట్టు టీచరు గది బడి వెనకవైపు, సైకిళ్లు పెట్టే చోటు పక్కన ఉంటుంది. పిల్లలు చిరిగిన సంచులూ, జిప్పు ఊడిన బ్యాగులూ పట్టుకుని ఆ గదికే పోతారు. తిట్టించుకున్న పిల్లలు కూడా పోతారు. అక్కడ కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు, ఓ గుడ్డముక్క, దారం చేతికిస్తారు. ఆవిడ భర్త పోయి కొంత కాలమైంది. ఒంటిమీద నగా నట్రా ఏమీ లేకపోయినా, కుడిచేతికి పువ్వు చెక్కిన వెండి ఉంగరం ఒకటి మాత్రం ఉండేది.

"గుండీలు కుట్టడం నేర్పినందుకు షీల్డా?" అన్నారు మాస్టారు, ఆ రోజు ఇంటికొచ్చి.

"మీ చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు, చూసుకున్నారా?" అంది భార్య.

మాస్టారు చూసుకోలేదు. కుట్టు టీచరుకి షీల్డు ఇస్తున్నప్పుడు ఆయన ఇంకోటి చూశారు. ఆవిడ చేతులు చాపినప్పుడు ఉంగరం లోపలి అంచు వెలుగులో పడింది. పైన తెల్లగా ఉంది, అంచున బూడిద రంగుగా ఉంది. వెండి మాసితే నల్లబడుతుంది. ఇది మాసినట్టు లేదు, అరిగినట్టు ఉంది. అరిగితే వెండి కింద వెండే ఉండాలి కదా?

అది మొదలు ఆయనకి కుదురు లేదు. మర్నాడు ఆవిడ చేతులు కడుక్కుంటూ సబ్బు నురగతో ఉంగరం జార్చి స్టాఫ్‌రూం బల్లమీద పెడితే, పేపరు అందుకుంటున్నట్టు వంగి జేబు దాని పక్కకి తెచ్చారు. ఉంగరం కదల్లేదు. ఇనుము కాదన్నమాట. అలాగని వెండి అనుకోవాలని ఎక్కడుంది?

సరిగ్గా ఆ వారమే తొమ్మిదో తరగతికి లోహాల పాఠం వచ్చింది.

పాఠం చెప్పడంలో మాత్రం మాస్టారికి వంక పెట్టలేం. గోడమీది ఆవర్తన పట్టికని బెత్తంతో తడుతూ వీధిలో మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేవారు.

"చూడండ్రా. ఈ ఎడమ చివర నిలువు వరసలో వాళ్లంతా తొందర మనుషులు. లిథియం, సోడియం, పొటాషియం. అందరికీ బయటి గదిలో ఒకే ఒక్క ఎలక్ట్రాను. దాన్ని ఎవరికి అంటగడదామా అన్నదే వాళ్ల గోల. వరసలో కిందికి దిగేకొద్దీ గదులు పెరుగుతాయి, బయటి గది నడిమింటికి, అంటే కేంద్రకానికి, దూరమైపోతుంది. దూరంగా ఉన్నవాడి మీద ఇంట్లోవాళ్లకి పట్టేముంటుంది? అందుకే లిథియం నీళ్లలో వేస్తే బుసబుసమని ఊరుకుంటుంది. సోడియం పరుగులు పెడుతుంది. పొటాషియం మంటెత్తిపోతుంది."

"మరి ఈ మధ్యలోవాళ్లు సార్?" అంది ముందు బెంచీ పిల్ల. ఆ పిల్లని బళ్లో అందరూ డౌటమ్మ అంటారు. ఊపిరి తీసుకోడానికి తప్ప ప్రశ్నలు ఆపదు.

"వాళ్లు మనలాంటి సంసారులు. జింకు, ఇనుము, రాగి. ఊరికే మండిపోరు. తమకన్నా మెత్తనివాడు దొరికితే మాత్రం వదలరు. బస్సులో సీటు కోసం చూస్తారు చూడు, అలా. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, దాని నీళ్లలో రాగి కూర్చుని ఉంటుంది. జింకు వచ్చి లే అంటుంది. రాగి లేచి, వెళ్లే దారిలేక జింకు మీదే పడుతుంది. ఇనుము వచ్చినా అంతే. అదే వెండి వచ్చిందనుకో, నిలబడే ప్రయాణం చేస్తుంది. రాగిని లేపే శక్తి దానికి లేదు."

పాఠం అక్కడితో అయిపోవచ్చు. పుస్తకంలో ప్రయోగానికి ఇనప మేకు, జింకు ముక్క చాలు. వెండి పెట్టి చూపించమని పుస్తకం అడగలేదు, పిల్లలు అడగలేదు, ఆఖరికి డౌటమ్మ కూడా అడగలేదు.

"రేపు వెండి కూడా పెట్టి చూద్దాం" అన్నారు మాస్టారు.

మధ్యాహ్నం కుట్టు గదికెళ్లారు. ఆవిడ మిషను పక్కన నేలమీద కూర్చుని ఊడిపోయిన బెల్టు ఎక్కిస్తోంది.

"టీచర్, రేపు తొమ్మిదోవాళ్లకి ప్రయోగం. వెండి ఉంటే బాగుంటుంది. మన లాబ్‌లో గాజు గొట్టాలకే దిక్కులేదు, వెండెక్కడిది! మీ ఉంగరం ఓ పూట ఇస్తే..."

"పిల్లల కోసమైతే ఉంగరమేంటి సార్, వేలే ఇస్తా" అని ఆవిడ నవ్వుతూ లేచి, వేలికి సబ్బు రాసుకుని ఉంగరం తిప్పడం మొదలెట్టింది. అది ఓ పట్టాన రాలేదు. "పెళ్లైన కొత్తలో ఆయన తెచ్చింది. వెండేనా అని అడిగానని ఎంత కోప్పడ్డారో! నీకు వెండి కానిది తెస్తానా అని రెండ్రోజులు మాట్లాడలేదు. కోపిష్టి మనిషేగానీ సార్, అబద్ధమన్నది ఆయన నోట రాలేదు. ఆసుపత్రిలో కూడా, ఎలా ఉందండీ అంటే, బాలేదు, ఇక లేవననే చెప్పారు. బాగానే ఉందని ఓ మాట అనొచ్చుగా? అనరు. అదీ ఆయన." ఉంగరం వచ్చింది. చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. "దీనికేం కాదుగా సార్?"

"వెండైతే ఏమీ కాదు" అన్నారు మాస్టారు.

ఆ "అయితే" ఆవిడ చెవిన పడలేదు. ఆయన చెవిన పడింది. అయినా ఉంగరం జేబులో వేసుకున్నారు, అయస్కాంతం పక్కనే.

మర్నాడు బల్లమీద మూడు బీకర్లు. మూడింట్లోనూ నీలంగా మైలుతుత్తం నీళ్లు. ఒకదాంట్లో మేకు, ఒకదాంట్లో జింకు ముక్క, మూడోదాంట్లో దారానికి వేలాడదీసిన ఉంగరం. ఆ దారం కూడా కుట్టు గదిలోంచి తెచ్చిందే. పిల్లలు బెంచీలెక్కి మరీ చూస్తున్నారు.

జింకు ముక్క క్షణాల్లో నల్లటి మడ్డి పట్టేసింది. మేకు తీరిగ్గా, ఎర్రగా రంగు తిరుగుతోంది. అంతా పుస్తకంలో ఉన్నట్టే.

"ఇప్పుడు వెండి సంగతి చూద్దాం" అని మాస్టారు దారం పట్టుకుని ఉంగరం పైకి లాగారు.

లోపలి అంచు చుట్టూ నల్లటి మడ్డి. పువ్వు రేకుల చివర్లన్నీ నల్లటి మడ్డి. అచ్చం పక్క బీకర్లో జింకు ముక్కకి పట్టినట్టే.

మాస్టారికి ముందు సంతోషం కలిగింది. ఆ మాట చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ. దొరికింది అనుకున్నారు. షీల్డు ఇచ్చేటప్పుడు కొట్టిన చప్పట్లన్నీ ఒక్కసారి వెనక్కి వచ్చేసినట్టనిపించింది. అగ్గిపుల్ల వెలిగి ఆరేంత సేపు ఉంది ఆ సంతోషం. తర్వాత "నీకు వెండి కానిది తెస్తానా" అన్న మాట గుర్తొచ్చింది. దారం చివర ఉంగరం గిర్రున తిరిగింది.

"సార్! ఉంగరం జింకు సార్!" అంది డౌటమ్మ.

"కుట్టు టీచర్ ఉంగరం డూప్లికేటా?" వెనక బెంచీలోంచి ఎవరో.

"నోర్ముయ్యండి!" మాస్టారు ఉంగరాన్ని గుప్పిట్లో దాచేశారు. "ద్రావణం పాడైంది. పాత సీసా."

"మేకు బాగానే ఎర్రబడిందిగా సార్?"

"మేకు వరకు బాగానే ఉంది. వెండికే పాడైంది."

అన్నాక ఆయనకే అర్థం కాలేదు తనేమన్నారో. డౌటమ్మ నోరు తెరుస్తుంటే, తెరవనిస్తే ప్రమాదమని హడావిడిగా ఇంకో మాట జోడించారు. "ఒక్కోసారి వెండి కూడా రాగిని లేపేస్తుంది. పరిస్థితుల్ని బట్టి ఉంటుంది."

పిల్లలంతా బుద్ధిగా రాసుకున్నారు. ఆయన చెప్పిన నిజాలు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాసుకోలేదు.

ఇంటికొచ్చి మాస్టారు పెరటి కుళాయి దగ్గర కూర్చుని ఉంగరాన్ని పళ్లపొడితో తోమారు. మడ్డి పోయింది. మడ్డితో పాటు మిగిలిన తెలుపూ పోయింది. తోమేకొద్దీ అంచుల్లోంచి బూడిద రంగు పైకి పాకుతోంది. ఆయన తోమడం ఆపి, మళ్లీ తోమి, మళ్లీ ఆపారు.

"ఎవరిది?" అంది భార్య, వెనక నుంచి.

చెప్పారు. దాచకుండానే చెప్పారు. ఒక్క ముక్క మాత్రం వదిలేశారు. ఆవిడ సరిగ్గా ఆ ముక్కే పట్టుకుంది.

"వెండి కావాలని పిల్లలడిగారా?"

"పాఠం బాగా అర్థమవుతుందని..."

"షీల్డు మీకొచ్చుంటే అడిగేవారా?"

మాస్టారు ఉంగరం వైపు చూశారు. ఉంగరం ఏమీ సాయం చెయ్యలేదు.

"అబ్బే, దానికీ దీనికీ ఏంటి సంబంధం?" అన్నారు, ఉంగరాన్ని మళ్లీ కుళాయి కింద పెడుతూ.

"ఏంలేదు లెండి. మా మేనత్త ఇచ్చిన గిన్నె కూడా ఇలాగే పట్టుకుని చూశారు ఆ రోజు" అంది ఆవిడ. "ఇప్పుడేం చేస్తారు? ఆవిడకి చెప్తారా?"

"చెప్పొద్దా? నిజం కదా."

"ఎవరికి పనికొచ్చే నిజం అది? ఆయన మోసం చేశాడో, దుకాణంవాడు ఆయన్ని మోసం చేశాడో, వెళ్లి అడగడానికి మనిషున్నాడా? పూత వేయించి ఇచ్చెయ్యండి. నోరు మాత్రం విప్పకండి."

"పూతా? అది మోసం కాదూ!"

"మరి ఇందాకటి దాకా మీరు చేసింది పరిశోధనా?"

మాస్టారికి ఆ రోజు అన్నం సయించలేదు. గిన్నె మేనత్తదే.

పూత వేసే దుకాణం బజారు చివర సందులో ఉంది. తలుపు మీద పేరైనా లేదు. లోపల తొట్లు, తీగలు, ముక్కు మండే వాసన. పనివాడు ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"లోపలేంటండీ?"

"వెండి" అన్నారు మాస్టారు, చటుక్కున.

"వెండికి వెండి పూత ఎందుకండీ?"

మాస్టారు వెనక్కి తిరిగి సందులో ఎవరూ లేరని చూసుకుని, "జింకు" అన్నారు గొణుగుతూ. బళ్లో ఎన్ని వందల సార్లు ఆ మాట గట్టిగా అని ఉంటారో! ఇలా చెవిలో చెప్పడం ఇదే మొదలు.

"ముందు రాగి పట్టించి, దానిమీద వెండి వేస్తా. కుట్టుపని, చేతిపని చేసే వేలైతే ఎక్కువకాలం ఆగదండోయ్. అరిగితే మళ్లీ తెండి."

ఉంగరం చేతికొచ్చింది. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. మాస్టారు దాన్ని తీసుకెళ్లి ఇచ్చేసి, ద్రావణం పాత సీసాలోదని, కాస్త మరక పడితే తుడిపించానని, క్షమించమని, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశారు.

"అయ్యో, దీనికి క్షమాపణలేంటి సార్! ఎంత తెల్లగా వచ్చిందో చూడండి! ఆయన తెచ్చిన రోజున ఇలా ఉండేది" అని ఆవిడ వేలికి పెట్టుకుని, చెయ్యి దూరంగా చాపి చూసుకుంది. కళ్లు తడయ్యాయి. మాస్టారు కిటికీలోంచి సైకిళ్లు చూశారు.

తెలుపు సంగతి స్టాఫ్‌రూం చేరడానికి ఓ పూట పట్టింది. మర్నాడే తలో వెండి వస్తువూ కాయితంలో చుట్టి తెచ్చారు. కుంకుమ భరిణె, పట్టీలు, గ్లాసు, ఓ చెంచా. "మాది కూడా ఆ నీళ్లలో ఓసారి ముంచిపెట్టండి మాస్టారూ, మీ చెయ్యి మంచిది." ఇదివరకైతే ఆయన పండగ చేసుకునేవారు. ఇప్పుడు ఆ పొట్లాలు ఒక్కటీ విప్పలేదు. ఏ పొట్లంలో ఏ మొగుడి మాట ఉందో! "సీసా పారబోశానండీ" అని అందరినీ పంపేశారు. పిసినారి అన్నారు. అననివ్వండి.

పిల్లలు మాత్రం ఊరుకోరుగా. అయస్కాంతం సార్ ప్రయోగం తప్పిందనీ, మామూలు వెండే ఎదురు తిరిగిందనీ బడంతా చెప్పుకున్నారు. వార్త పెద్ద మేడం దాకా వెళ్లింది.

"ఏంటి మాస్టారూ, మీ ప్రయోగం కూడా తప్పుతుందా?" అందావిడ, అందరి ముందూ.

"తప్పింది మేడం."

లెక్కల మాస్టారు కాలు మీద కాలు వేసుకుని, అంచు కాలిన చెప్పు ఆడిస్తూ, "నిజం తెలిసింది కదా, సంతోషించండి" అన్నారు. ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్లు ఎదురు చూశారో పాపం.

మన మాస్టారు తలొంచుకున్నారు. చిత్రంగా, ఆ మాట పడ్డాక కాస్త తేలికపడ్డట్టు కూడా అనిపించింది. ఎవరైనా ఇంకో నాలుగు మాటలంటే బాగుండు అనుకున్నారు. అదే ఆయన చేసిన పొరపాటు. ఎందుకంటే ఆయన్ని తిట్టుకోని మనిషి ఆ బళ్లో ఒక్కరున్నారు. ఆవిడ జాలిపడింది.

"నా ఉంగరం వల్ల మీకు మాటొచ్చింది సార్" అంది కుట్టు టీచరు, వరండాలో ఆపి. "నాకు మనసు మనసులో లేదు. వచ్చే వారం సైన్సు ప్రదర్శన ఉందిగా? పైఆఫీసు నుంచి పెద్దాయన కూడా వస్తున్నారట. కొత్త సీసా తెప్పించండి. అందరి ముందూ మళ్లీ చేసి చూపించండి. నా ఉంగరమే పెట్టండి. నా చేత్తో నేనే వేలాడదీస్తా."

"వద్దు టీచర్! ఎందుకూ..."

"ఊరుకోండి సార్, మీరు మొహమాటపడతారని పెద్ద మేడంతో ముందే చెప్పేశా. మేడం కూడా సరే అన్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "అసలు మీ చదువుకి ఆ షీల్డు మీకు రావాల్సింది. నాకిచ్చారు. నాకెప్పుడూ ముల్లులానే ఉంది."

మాస్టారు గంట కొట్టకుండానే తరగతికి వెళ్లిపోయారు.

ఆ వారమంతా ఆయన ఉంగరం గురించే ఆలోచించారు. పూత బాగానే ఉంది. కానీ ఆవిడ రోజూ సూది పడుతుంది, కత్తెర పడుతుంది. ఎక్కడో సూదిమొనంత చోట పూత లేచినా చాలు, జింకు ఆగదు. దాని తత్వమే అంత. అది ఎవరి మర్యాదా చూడదు, ఎవరి మొగుడి మాటా చూడదు. మైలుతుత్తం కనిపిస్తే రాగిని లేపి తీరుతుంది. ఇన్నేళ్లుగా ఈ నియమాన్ని ఆయన ఎంత గర్వంగా చెప్పారో! ఇప్పుడు అదే నియమం తన గుమ్మంలో కూర్చున్నట్టుంది.

వేరే ఉంగరం పెడదామంటే, ఆవిడ తన చేత్తో వేలాడదీస్తానంది. రానని చెప్పి పడుకుందామంటే, లెక్కల మాస్టారు ఆ ప్రయోగం తను చేస్తానంటారు, చెప్పు పగ తీర్చుకోడానికైనా.

ప్రదర్శన రోజు పొద్దున్నే, కుట్టు టీచరు ఉంగరాన్ని దేంట్లో దింపుతుందో తెలీదని, మాస్టారు మూడు బీకర్లలోనూ మంచినీళ్లు పోసి, వాటిలో బల్లమీది సిరాబుడ్డీలోంచి నీలం సిరా చుక్కలు వేశారు. రంగు సరిపోయేదాకా గాజుకడ్డీతో కలిపారు. కలుపుతుంటే తన చెయ్యి తనది కానట్టుంది. పాలవాడు కలిపిన నీళ్లని పట్టించిన చెయ్యి అది.

హాలు నిండింది. పైఆఫీసు పెద్దాయన ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఓ బీకర్లో మేకు పడింది. ఓ బీకర్లో జింకు ముక్క పడింది. కుట్టు టీచరు ముందుకొచ్చి, ఉంగరం తీసి, దారం కట్టి, మూడోదాంట్లోకి మెల్లగా దింపింది. పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దింపింది.

అందరూ చూస్తున్నారు. ఏమీ జరగలేదు.

ఇంకాసేపు చూశారు. మేకు మేకులానే ఉంది. జింకు తళతళలాడుతోంది. వెండి సరే, దాని పని అదే. లోహాలన్నీ అన్నదమ్ముల్లా ప్రశాంతంగా మునిగి ఉన్నాయి.

"ఎంతసేపు పడుతుందండీ?" అన్నాడు పెద్దాయన.

"వాతావరణాన్ని బట్టి ఉంటుందండి" అన్నారు మాస్టారు.

వెనక నవ్వులు మొదలయ్యాయి. లెక్కల మాస్టారు దగ్గు నటించారు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. పెద్ద మేడం మొహం ఎర్రబడింది. ఆ పూట ఆ హాల్లో ఎర్రబడింది అదొక్కటే.

డౌటమ్మ బల్ల దగ్గరికొచ్చింది. మేకు బీకర్లో వేలు ముంచి, పైకి తీసి చూసుకుంది. వేలికి నీలం. సిరా మరకలు ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచి తెలుసు. "సార్, ఇది..." అని తలెత్తింది. మాస్టారి మొహం చూసింది. పక్కనే కుట్టు టీచరు ఉంగరం పైకి తీసి, కొంగుతో ఒత్తి, "చూశారా, చూశారా, ఏమీ కాలేదు!" అని అందరికీ చూపిస్తోంది. పిల్ల ఆవిడ మొహం కూడా చూసింది. వేలు గౌనుకి తుడుచుకుని వెళ్లి తన చోట కూర్చుంది. అడగకుండా వదిలేసిన డౌటు ఆ పిల్ల జీవితంలో అదొక్కటేనేమో.

మర్నాడు మాస్టారు తొమ్మిదో తరగతికెళ్లి బెత్తం పక్కన పెట్టారు.

"ఆ రోజు ఓ వాక్యం రాసుకున్నారు కదా, వెండి ఒక్కోసారి రాగిని లేపేస్తుందని. కొట్టెయ్యండి. లేపదు. ఎప్పుడూ లేపదు. తప్పు ద్రావణానిది కాదు, వెండిదీ కాదు. నాది."

"మేకు ఎర్రబడకపోవడం సార్?" అన్నాడు వెనక బెంచీవాడు.

"అదీ నాదే."

డౌటమ్మ ఆ వాక్యాన్ని స్కేలు పెట్టి నీటుగా కొట్టేసింది. తలెత్తలేదు.

పెద్ద మేడం కబురు పంపింది. వచ్చే ఏడు ప్రదర్శనకి ప్రయోగాలు కొత్త టీచరు చూసుకుంటుందనీ, మాస్టారు కుర్చీలు వేయించే పని చూస్తే చాలనీ. సరేనన్నారు.

కుట్టు గదికెళ్లడానికి మాత్రం ఓ వారం ధైర్యం చాల్లేదు. వెళ్లాక గుమ్మంలోనే నిలబడ్డారు.

"రండి సార్. పోనీలెండి, మనసు కష్టపెట్టుకోకండి. మేకు మాట ఎలా ఉన్నా నా ఉంగరం చెక్కుచెదరలేదు చూశారా!"

"టీచర్, ఓ మాట చెప్పాలి." ఆయన లోపలికి రాలేదు. "ఆ రోజు మీ ఉంగరం పిల్లల కోసం అడగలేదు. షీల్డు మీకొచ్చిందని అడిగాను. ఉక్రోషం. దాన్నెలాగైనా పాడుచేద్దామని కాదు... అంటే, ఏదో ఒక లోపం దొరికితే బాగుండునని."

మిషను ఆగింది. ఆవిడ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మాస్టారు ఉన్నచోటే నిలబడ్డారు. ఏమన్నా పడదామనే వచ్చారు.

"షీల్డుకి అయస్కాంతం పెట్టారా?" అందావిడ చివరికి.

"...పెట్టాను."

"అంటుకుందా?"

"లేదు. ప్లాస్టిక్."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "కాస్త ముందే చెప్పుంటే మీకే ఇచ్చేసేదాన్నిగా సార్, ఈ గొడవంతా లేకుండా" అంది. తర్వాత మొహం కాస్త ముడుచుకుంది. "ఆయన ఇచ్చిన వస్తువు మీద మాత్రం అలా చెయ్యాల్సింది కాదు."

"చెయ్యాల్సింది కాదు."

అంతకుమించి ఆవిడేమీ అనలేదు. అదే కష్టంగా ఉంది ఆయనకి. సగమే చెప్పి, మొత్తానికి మాఫీ తీసుకున్నట్టుంది.

"రండి ఇలా. ఆ గుండీ లేకుండా ఎన్నాళ్లు తిరుగుతారు" అని ఆవిడ సూదిలో దారం ఎక్కించి, చొక్కా అంచు పట్టుకుంది. రెండు పోట్లు వేసిందో లేదో, సూది చేతిలోంచి జారి ఆయన జేబుకి అతుక్కుపోయింది.

"ఏంటి సార్ ఇది!"

మాస్టారు సిగ్గుపడుతూ అయస్కాంతం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఉంచుకోండి టీచర్. కిందపడ్డ సూదులు ఏరుకోడానికి పనికొస్తుంది. నాకు ఇక అక్కర్లేదు."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, చిన్నపిల్లలా కత్తెరకి తగిలించింది. అంటుకుంది. మిషను కాలికి తగిలించింది. అంటుకుంది. తర్వాత తన ఉంగరానికి తగిలించింది. అంటుకోలేదు.

"చూశారా సార్?" మొహం వెలిగిపోయింది. "అసలైన వెండి!"

జింకుకీ అయస్కాంతానికీ పరిచయమే లేదు. ఈ సంగతి ఆ బళ్లో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

"వెండే టీచర్" అన్నారు మాస్టారు.

ఆవిడ తలొంచి గుండీ కుడుతోంది. పోటు వేసినప్పుడల్లా సూది వెనకభాగం ఉంగరం అంచుకి తగులుతోంది. మాస్టారి కళ్లు అక్కడే ఉన్నాయి. పువ్వు రేకు చివర ఓ చోట తెలుపు కాస్త పల్చబడ్డట్టు కనిపించింది. భ్రమేమో. కాదేమో.

"టీచర్, అది ఎప్పుడైనా మాసినట్టు కనిపిస్తే నాకే ఇవ్వండి. ఇంకెవరికీ ఇవ్వకండి. షాపులకీ ఇవ్వకండి."

"మీకెందుకు సార్ శ్రమ, ఎన్నాళ్లకో ఓసారి..."

"ఎన్నాళ్లకైనా సరే. నాకే ఇవ్వండి."

ఆవిడ పంటితో దారం తెంపి, "సరే సార్" అంది.